చెల్లని ఓట్ల గడిలో మేము

ఇది నేను ఎప్పుడో రాయవలసిన సంగతి. రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, భయం అంతకన్నా కాదు. అప్పట్లో నాకు అక్షరాలు రావు, అంతే. బీడీలు చుట్టే వేళ్లకు కలం పట్టే తీరిక అరవై దాటాక గానీ దొరకలేదు. వేళ్లు వంకరపోయి ఆకు మడవలేని రోజు వచ్చినప్పుడు మా చిన్నకోడలు పలక తెచ్చి ముందు పెట్టింది. నా ఈడు ఆడవాళ్లకు ఈ కథ కొత్తది కాదు కాబట్టి సాగదీయను. బస్సు మీద ‘వేములవాడ’ అన్న బోర్డు సొంతంగా చదివి ఎక్కిన రోజు ఎంత మురిశానో, మొన్న మా మరిది తెచ్చిన కాగితాలు చదివిన రోజు అంత మండిపోయాను. చదువు వస్తే సుఖమే అనేవాళ్లు ఒకసారి నా దగ్గరికి రండి, చెబుతాను.

మా మరిది, అంటే మా ఇంటాయన తమ్ముడు, పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక మా పాత నియోజకవర్గం ఎన్నికల చరిత్ర రాశాడు. పాతది అనడమెందుకంటే అది ఇప్పుడు లేదు. హద్దులు మార్చినప్పుడు సగం ఊళ్లను అటు, సగం ఊళ్లను ఇటు కలిపి, పేరే తీసేశారు. కరీంనగర్‌లో అచ్చుకు ఇచ్చి, మొదటి నకలు తెచ్చి, “వదినె, సదువు నేర్సినవు గద, అచ్చుతప్పులుంటె జర సూడు. రేపు పొద్దుగాల బస్సుకు వాపస్ తీస్కపోవాలె” అని నా ఒళ్లో పెట్టి పోయాడు. అది గౌరవమో వెటకారమో ఆయనకే తెలియాలి.

అంతా గళ్ల గళ్ల పట్టికలే. గెలిచినవారు, ఓడినవారు, ఇద్దరికీ తేడా, చిట్టచివరి గడిలో చెల్లని ఓట్లు. వేలు కింద పెట్టుకుంటూ ఒక్కొక్క ఎన్నికా దాటుతూ పోతుంటే ఒకచోట పట్టిక కింద ఈ వాక్యం ఉంది: ‘ఈ ఎన్నికలో నేతవాడ మహిళలు చీరలకు ఆశపడి సొంత మనిషినే ఓడించారు.’ నాకే చదవడం రావడం లేదేమోనని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే వచ్చింది.

ఆ సొంత మనిషి ఎవరో కాదు, మా అత్తమ్మ తోడబుట్టిన తమ్ముడు, మా మరిదికి మేనమామ. ఏ పార్టీ టికెట్ ఇవ్వకపోయినా, వాడలోని సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే మగవాళ్లంతా పట్టుబట్టి నిలబెట్టారు. నిచ్చెన గుర్తు వచ్చింది. నా పెద్దకొడుకు అప్పటికి ఇంకా పాలు తాగుతున్నాడు. అంతకు ముందు ఓటు వేయాలంటే వాగు దాటి పక్క ఊరికి పోవాలి. బీడీలు వదిలి ఎవరు పోతారని మా ఆడవాళ్లం పోయేవాళ్లమే కాదు. ఆ ఏడే మొదటిసారి మా వాడ బడిలో పోలింగు పెట్టారు.

మరి మాకు ఓటు వేయడం ఎవరు నేర్పాలి? కాలేజీ నుంచి సెలవుకు వచ్చిన మా మరిది నేర్పాడు. అత్తమ్మ వాకిట్లో వాడ ఆడవాళ్లనందరినీ కూర్చోబెట్టి, కాగితం మీద బొగ్గుతో నిచ్చెన గీసి, “గీ నిచ్చెన మీద ముద్ర గుద్దుండ్రి, పక్కకు పోవద్దు, గట్టిగ గుద్దుండ్రి” అని పదిసార్లు చెప్పాడు. చదువుకున్నవాళ్లకు ముద్ర అంటే కట్టె ముద్ర కావచ్చు. బీడీల కార్డు మీద, దవాఖాన చీటీ మీద, ఎక్కడికి పోయినా బొటనవేలు పెట్టి వచ్చే మాకు ముద్ర అంటే వేలిముద్రే. ఇంకో ముద్ర ఉంటుందని మేం కలగనలేదు. నూలు రంగులో వేలు ముంచి ఆ కాగితం మీద పెట్టాం. “శెబాష్ వదినె, సక్కగ నడిమిట్ల పడ్డది!” అని ఆయనే మెచ్చుకున్నాడు.

పోలింగు నాడు లోపల కూర్చున్న సారు నా బొటనవేలును సిరాలో అద్ది తన పుస్తకంలో ముద్ర తీసుకుని, ఓటు కాగితం చేతికిచ్చాడు. అట్ట చాటుకు పోతే అక్కడ ఒక కట్టె ముద్ర పడి ఉంది. పోస్టాఫీసులో ఉన్నట్టే అదీ సర్కారు వస్తువు, మనం ముట్టకూడదనుకున్నాను. వేలికి సిరా ఇంకా ఆరలేదు. ఊపిరి బిగబట్టి నిచ్చెన మీద ఒత్తాను. బయటికి వచ్చి మేమంతా నీలంగా ఉన్న వేళ్లు ఒకరికొకరం చూపించుకుని నవ్వుకున్నాం.

మామ కొద్దిలో ఓడిపోయాడు. ఓడిన రెండో రోజుకే చాయ్ హోటల్ దగ్గర పుట్టింది ఆ మాట, ఆడవాళ్లు చీరలకు అమ్ముడుపోయారని. నేసి, ఊరందరికీ కట్టబెట్టే ఇళ్ల ఆడవాళ్లు చీరకు అమ్ముడుపోవడమేమిటని ఒక్కడికీ తోచలేదు! మా ఇంటాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. నీళ్లకు పోతే పక్క వాడ ఆమె, “ఏమే, మామను నిచ్చెన ఎక్కిచ్చి కింది కట్టె గుంజితిరి గద!” అని అందరి ముందూ నవ్వింది. మామ మాత్రం ఒక్క మాట అనలేదు. కానీ మళ్లీ మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. అక్కతో పని ఉంటే బజార్లోకి పిలిచి మాట్లాడేవాడు. చివరి రోజుల్లో నేను జావ కాచి తీసుకుపోతే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి ఎన్నికలో సిరా పెట్టే మేడమ్ నా చేతిని చూసి, “ఏలు పెట్టకు అక్కా, గా కట్టెతోని గుద్దు” అన్నది. పోయినసారి మేం పెట్టిన వేళ్లన్నీ చెల్లలేదని అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి మా ఇంటాయనకు చెబితే, “ఇన్నేండ్లకు దొరికిందా కథ?” అని నవ్వాడు. అత్తమ్మ దగ్గరికి పోయాను. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ ఉంది. “అత్తమ్మా, నువ్వు సుత ఏలే పెట్టినవు గద?” అని అడిగాను. కత్తెర ఆగింది. “నోరు ముయ్యే. గా ముచ్చట మల్ల ఎత్తకు” అన్నది.

తోడబుట్టినదని ఆమెను ఎవరూ అనుమానించలేదు. తన వేలితో తానే తమ్ముణ్ణి ముంచానని తెలుసుకోవడం కన్నా, కోడళ్లు అమ్ముడుపోయారని నమ్మడమే ఆమెకు సులువైంది. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆమె పోయేదాకా ఆ మాట ఎత్తలేదు. పోయాకా ఎత్తలేదు.

కాగితాలు ఇచ్చిన నాడే పొద్దుగూకే వేళ మరిది వాటి కోసం వచ్చాడు.

“పంతులూ, గీ మాట ఎవలు రాసిండ్రు?” అన్నాను.

“నేనే వదినె. ఊరంత ఎరుకైన ముచ్చటే గద.”

“పైన గళ్లు సదివినవా? తేడా మూడంకెలు. చెల్లనియి నాలుగంకెలు.”

“గవి అన్ని ఊర్లయి వదినె.”

“అన్ని ఊర్లల్ల మా అసొంటోళ్లు లేరా? మాకు ముద్ర గుద్దుమని నేర్పింది ఎవలు?”

“ముద్ర అంటె కట్టె ముద్ర గద!”

“కట్టె అన్న మాట ఆనాడు నీ నోట్లకెల్లి ఎల్లలే. ఏలు పెడితె శెబాష్ అన్నవు.”

ఆయన నవ్వబోయి ఆగాడు. “మామ పాయె, నియోజకవర్గమే పాయె, ఇప్పుడు గిదెవలకి కావాలె? నిన్ను అచ్చుతప్పులు సూడుమంటి గని...”

“గదే సూసిన.”

కాగితాలు తీసుకోకుండానే లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మిషన్లు వచ్చాయి. బటన్ నొక్కితే కూత వస్తుంది, ఓటు పడుతుంది. మరిది పట్టికలో కూడా చివరికొచ్చేసరికి ఆ గడి దాదాపు ఖాళీ. ఓటు వేసీ వేయనట్టే అయ్యే కాలం ఒకటి ఉండేదంటే మనవరాలు నమ్మదు. ఆ రోజు నాతో వరుసలో నిలబడ్డవాళ్లలో మిగిలింది నలుగురం. అంత పెద్ద నియోజకవర్గం పేరు లేకుండా పోయింది గానీ, చాయ్ హోటల్లో ఎవరో అన్న మాట ఇన్నేళ్లు బతికి అచ్చుదాకా వచ్చింది. నోటి మాట అనేవాళ్లతో పోతుంది. అచ్చయిన మాట మన మనవరాళ్లు చదువుతారు. అదే నాకు మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాను. పక్కన ఇట్లా రాశాను: ‘నేతవాడ ఆడవాళ్లు ఎవరికీ అముడుపోలేదు. ముద్ర అంటే వేలిముద్ర అనుకొని అందరం నిచ్చెన మీద వేలు పెట్టినం. మా ఓట్లు చెల్లలేదు.’ మూడు ముక్కలకు అర్ధగంట పట్టింది.

మరిది చెప్పులు విడవకుండానే వచ్చి, నిలబడి చదివాడు. ‘అందరం’ అన్నచోట ఆగాడు.

“మా అవ్వ సుతనా?” అత్తమ్మ గురించే అడిగాడు.

“అందరం అని రాసిన గద” అన్నాను.

బస్సు హారన్ వినబడింది. జేబులోంచి పెన్ను తీసి, ‘అమ్ముడు’లో నేను వదిలేసిన ఒత్తు పెట్టి, కాగితాలు సంచిలో వేసుకుని బస్సుకు నడిచాడు.