పహిల్వాన్లకు ఈత నేర్పినాయన

మా పక్కింటి సార్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. గౌలిపురలోని ఆ ఇంట్లోనే, చాయ్ తాగుతూ. ఓ సర్కారీ ఫ్యాక్టరీలో స్టోర్స్ క్లర్కుగా రిటైరయ్యారు. బడిపంతులు కాదు. అయినా గల్లీ అంతా సార్ అనే పిలిచేది.

ఎనభైల చివర ఒక ఆదివారం, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో ఆయనకు ఒక ఇంగ్లీషు ఆట పుస్తకం దొరికింది. బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. రాజుల కాలమైనా రాకెట్ల కాలమైనా అవే నియమాలు. వంద పాయింట్లతో ఎవరి మనిషిని వాళ్లు కాయితం మీద తయారుచేసుకోవాలి. బలానికి, విద్యలకు పాయింట్లు ఖర్చవుతాయి. ఐబు, అంటే లోపం, రాసుకుంటే కొన్ని తిరిగొస్తాయి.

డిగ్రీ చదివే మేం నలుగురం ఆయన వరండాలో కూర్చున్నాం. పాయింట్లన్నీ బలానికే పెట్టాం. ఐబుల గడి అందరిదీ ఖాళీ. మా గల్లీలో తన లోపం తానే కాయితం మీద పెట్టేవాడెవడు?

సార్ కథ మొదలుపెట్టారు. మూసీకి వరద, అవతలి ఒడ్డు చేరాలి.

"నలుగురు పహిల్వాన్లు! ఒక్కనికన్న ఈత వచ్చా?"

"బలమున్నది గద సార్," అన్నాడు పాలవాళ్ల పెద్దోడు.

"నీ కండలు జూసి మూసీ ఆగుతదా? ఎయ్యి పాచికలు."

ఈత రానివాడికి మూడు పాచికలు కలిపి పది దాటకూడదు. ముగ్గురు మునిగారు. నాకు పద్నాలుగు పడింది. తొమ్మిదని చెప్పి పాచికలు గుప్పిట్లోకి తీసుకున్నాను. సార్ నా ఎదురుగానే ఉన్నారు.

"ఒడ్డెక్కినవ్," అన్నారు.

అందరూ వెళ్లాక నా కాయితం చూపించారు. "ఐబుల కాడ ఖాళీ ఇడిసినవేంది?"

"నా పహిల్వాన్‌కు ఏం లెవ్వు సార్."

"మంచిగ యాద్ చేసుకో. ఫికర్ లేదు, వచ్చే ఐతారం రాయి."

వారమంతా ఆయన్ని తప్పించుకు తిరిగాను. ఆయన నోరు విప్పితే దోస్తుల ముందు నా మొహం చెల్లదు. విప్పలేదు. ఆదివారం వెళ్లి ఆ గడిలో 'అబద్ధమాడ్తడు' అని రాశాను.

సార్ లెక్కేశారు. "పదిహేను వాపస్ వచ్చినయ్. ఇగ ఈత నేర్చుకో."

దోస్తులకు నేనే చెప్పాను. మస్తు లొల్లి చేశారు. తర్వాత వాళ్లూ తలా ఒక ఐబు రాశారు. మా ఆట అసలు మొదలైంది ఆ రోజే. నేను విలేకరినయ్యాక, పడిన అంకెను పడినట్టే రాయడానికి ఆ వరండానే కారణం.

నిన్న సార్ వాళ్లమ్మాయి ఆ పుస్తకం నా చేతికిచ్చింది. లోపల మా కాయితాలతో పాటు ఆయనదీ ఒకటుంది. ఐబుల గడిలో గుండ్రటి అక్షరాలు: 'చూసి చూడనట్టుంటడు.' దానికి పాయింట్లేమీ వాపస్ తీసుకోలేదు.