రద్దు జాబితాలో పదకొండో పుస్తకం

1999 జనవరిలో నన్ను పిడుగురాళ్ల నుంచి గుంటూరు దగ్గర్లోని ఒక పెద్ద ఊరి శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. హోదా గ్రేడ్-3 లైబ్రేరియన్. అంటే తాళం తీయడం, పేపర్లు పరచడం, పుస్తకాలు ఇవ్వడం, మళ్లీ తాళం వేయడం అన్నీ ఒక్కడి పనే. పిడుగురాళ్లలో పుస్తకాల మీది సున్నపు బట్టీల పొడి దులిపేవాణ్ణి. ఇక్కడ చుట్టూ మిరప కల్లాలు కావడంతో ఆ దులపడం తుమ్ములతో సాగేది.

నాకో అలవాటు ఉండేది, అది గొప్ప అని కూడా అనుకునేవాణ్ణి. గుమ్మం పక్కన బోర్డు మీద ప్రతి సోమవారం, ఎవరూ పట్టించుకోని ఒక మంచి పుస్తకం పేరు రాసేవాణ్ణి. ఆ ఊరి పాఠకులకు సీరియల్ నవలలు, పోటీ పరీక్షల గైడ్లు ఉంటే చాలు. నా బోర్డు వంక చూసేవాళ్లు తక్కువ. అన్నిటికన్నా ఇష్టంగా రాసిన పేరు 'లంకల్లో పురుళ్లు'. కృష్ణా నది మధ్య లంక గ్రామాల్లో పడవ మీద తిరిగి పురుళ్లు పోసిన ఒక నర్సమ్మ, తన అనుభవాలు రాసి తానే అచ్చు వేయించుకున్న చిన్న పుస్తకం. ఎక్కడా గొప్పలు పోదు, ఏడిపించాలని చూడదు. వాన, పడవ, వేడినీళ్లు, బిడ్డ, అంతే. అలాంటి పుస్తకాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లకపోతే నాకు ఒళ్లు మండేది. మూడు వారాలు అదే పేరు బోర్డు మీద ఉంచాను. ఫలితం లేదు.

మార్చిలో రద్దు జాబితా పంపమన్నారు. పుస్తకం చివరి అట్ట లోపల గడువు చీటీ అని ఒకటి అంటిస్తాం. పుస్తకం ఇంటికి ఇచ్చిన ప్రతిసారీ దాని మీద తేదీ ముద్ర పడుతుంది. ఏళ్ల తరబడి ముద్ర పడని పుస్తకాలను జాబితా రాసి జిల్లా కార్యాలయానికి పంపితే, అక్కడ రద్దు ముద్ర కొట్టి చిత్తుకాగితాల కింద వేలం వేస్తారు. నర్సమ్మ పుస్తకం చీటీ తెల్లగా ఉంది. ఈ ఊరికి నువ్వెందుకమ్మా అనుకుని, నిజం చెప్పాలంటే అలిగి, పదకొండో పేరుగా రాసి మూటలో వేసి పంపేశాను.

వారం తిరక్కుండానే మస్తాన్‌బీ అనే ఆవిడ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. కల్లంలో మిరపకాయలకు తొడాలు తీసే కూలీ. రోజూ సాయంత్రం పని దిగాక వచ్చి వెనక బెంచీ మీద అరగంట కూర్చునేది. ఫ్యాను గాలి కోసం వస్తోందనుకునేవాణ్ణి. చేతిలో ఏముందో ఒక్కరోజు కూడా చూడలేదు. ఆవిడకు సభ్యత్వం లేదు. పుస్తకం ఇంటికి ఇవ్వాలంటే ఒక ప్రభుత్వోద్యోగి పూచీ సంతకం కావాలి, ఆవిడకు ఎవరు పెడతారు? అందుకే అక్కడే చదివి, తీసిన చోటే పెట్టి వెళ్లేది. బోర్డు మీద పేరు చూసే 'లంకల్లో పురుళ్లు' మొదలుపెట్టిందట. చదివిన ముక్కను మర్నాడు తొడాలు తీస్తూ కల్లంలో ఆడవాళ్లందరికీ చెబుతోందట. వరదలో పడవ ఇసుకమేటకు తగులుకున్న చోట కథ ఆగింది. పడవలో నొప్పులు పడుతున్న మనిషి ఉంది. తర్వాత ఏమైందని కల్లంలో అందరూ అడుగుతున్నారు. అల్మారాలో చూస్తే పుస్తకం లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. సర్దుకోవడానికి, మిగతా కథ నాకు తెలుసు, చెబుతాను కూర్చోమ్మా అన్నాను.

"మీరు చెప్తే అది మీ మాటవుద్ది సార్," అంది ఆవిడ. "నర్సమ్మ ఎట్టా చెప్పిందో అట్టానే మావోళ్లకి చెప్తన్నా."

మర్నాడు సెలవు పెట్టి గుంటూరులో జిల్లా కార్యాలయానికి వెళ్లాను. అదృష్టం కొద్దీ వేలం ఇంకా కాలేదు, మూటలు వరండాలోనే ఉన్నాయి. సూపరింటెండెంట్ గారు నియమాల మనిషి. రద్దయిన పుస్తకాన్ని వెనక్కివ్వాలంటే దాన్ని చదివేవాళ్లున్నారని ఆధారం చూపమన్నారు. చీటీ ఖాళీగా ఉంది, జాబితా కింద సంతకం నాది. మూట విప్పి పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆయన పేజీలు తిప్పి తుమ్మారు. మళ్లీ తిప్పి, మళ్లీ తుమ్మారు. అప్పుడు చూశాం ఇద్దరం. ప్రతి పేజీ కింది మూలనా ఎర్రగా బొటనవేలి మరక. డెబ్బై నాలుగో పేజీ దాకా ఉంది. ఆ తర్వాత కాగితాలన్నీ శుభ్రం.  ఆయన రద్దు ముద్ర మీద అడ్డగీత గీసి పక్కన సంతకం చేశారు.

తిరుగు బస్సులో డెబ్బై ఐదో పేజీ నుంచి చదివాను. నేను చెప్పబోయిన ముగింపు అందులో లేదు. తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారని నాకు బాగా గుర్తు. పుస్తకంలో పడవ ఒడ్డుకు చేరుతుంది, బిడ్డ పుట్టి ఏడుస్తుంది, ఇద్దరినీ ఎడ్లబండి ఎక్కించి నర్సమ్మ వెనక్కి వెళ్లిపోతుంది. తర్వాత వాళ్లేమయ్యారో తనకు తెలియదని రాసింది. మిగతాది నేనే కల్పించుకుని, ఏళ్లుగా పుస్తకంలో ఉందనుకున్నాను. సిగ్గేసింది.

మస్తాన్‌బీ సభ్యత్వ ఫారం మీద పూచీ సంతకం నేనే పెట్టాను. పుస్తకం గడువు చీటీ మీద మొదటి తేదీ ముద్ర ఆవిడ పేరున పడింది. నాలుగు రోజుల తర్వాత పుస్తకం తెచ్చిచ్చింది. కల్లంలో ఏమన్నారని అడిగాను.

"ఆ బిడ్డకి ఇప్పుడు ఎన్నేళ్లుంటాయా అని లెక్కలేస్తన్నారు సార్," అంది.

రిటైరయ్యే దాకా రెండు పద్ధతులు మానలేదు. మళ్లీ చదవకుండా ఏ పుస్తకం పేరూ బోర్డు మీద రాయలేదు. పేజీల మూలలు చూడకుండా ఏ పుస్తకాన్నీ రద్దు జాబితాలో చేర్చలేదు. గడువు చీటీకి తెలిసేది ఇంటికి తీసుకెళ్లిన వాళ్లే.