అమ్మవారు అడిగిన చింతచెట్టు

నాకు మొదట్నుంచీ అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకుంటాను. ఎవరైనా పనిగట్టుకుని మెచ్చుకుంటే ఏదో అడగబోతున్నారనుకుంటాను. శ్రీకాకుళంలో టీచర్ల శిక్షణ కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పీ చెప్పీ ఆ గుణం ఇంకా ముదిరింది. అందుకే అరసవల్లిలో నా స్నేహితురాలు తన మేడమీద ఆదివారాలు ఆడవాళ్ళం కూడి అమ్మవార్ల కథలు చదువుకుందామన్నప్పుడు సరేనన్నాను గానీ, పూర్తిగా లొంగలేదు.

ఆవిడ రిటైరైన చరిత్ర లెక్చరరు. పురాణాలు రాసింది మగవాళ్ళు కాబట్టి వాటిలో దేవత ఎప్పుడూ ఎవరికో భార్య, ఎవరికో తల్లి అనేది. ఆ పైపూత గీకేస్తే అడుగున ఎవరి సొత్తూ కాని అమ్మవారొకావిడ ఉంటుందట. ప్రతి ఆడదాని మనసు అట్టడుగునా ఉండేది ఆవిడేనట. కలల్లో పైకొస్తుంది, గుర్తుపట్టగలిగితే మన బలం మనకి తెలిసొస్తుంది.

వినడానికి ఎంతో బాగుంది. అంత బాగుంది కాబట్టే నాకు అనుమానం. మనసు అడుగున ఏముందో తేల్చిన డాక్టర్లలో ఎక్కువమంది పాతకాలపు మగవాళ్ళే. ఆలోచననీ వెలుగునీ సూర్యుణ్ణీ తమ వాటాకి వేసుకుని, చీకటీ నీళ్ళూ చంద్రుణ్ణీ మనకి పంచారు. సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లిలో కూర్చుని సూర్యుణ్ణి వదిలేసుకోమంటే ఎలాగని అడిగాను. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం, నీ లోపలికి చూసుకోడానికి నీకు భయం అంది. ఈ శాస్త్రంలో నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అవునంటే ఒప్పుకున్నట్టు, కాదంటే భయపడ్డట్టు.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ ఫోను చేసింది. మా అమ్మకి అక్క. కోటబొమ్మాళికి దగ్గర్లో పల్లెటూరు. పెదనాన్న పోయాడు, పిల్లల్లేరు. పెరటి చివర, బాట వారన ఒక చింతచెట్టుంది. వేసవిలో కాయ రాల్పించి, గుల్ల ఒలిచి, గింజ తీసి, పండు సంతలో అమ్ముకుంటుంది. పింఛను మందులకి సరిపోతుంది, మిగతావన్నీ ఆ చెట్టు మీదే.

"అమ్మోరు నా సెట్టు అడిగినాదంటన్నారే," అంది.

ఆ ఊళ్ళో అమ్మవారి పండక్కి సిరిమాను తిప్పుతారు. పొడుగాటి చింతమాను కొసన పూజారి కూర్చుని ఊరంతా తిరుగుతాడు. ఏ చెట్టు కొట్టాలో అమ్మవారే అతని కలలోకొచ్చి చెబుతుంది. అడిగాక ఇవ్వననడం ఉండదు. ఇంటివాళ్ళు చెట్టుకి పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుని ఇచ్చేస్తారు. అదృష్టమంటారు.

నేను మర్నాడే బస్సెక్కాను. స్నేహితురాలు కూడా వస్తానంది. వెళ్ళి చూస్తే సంగతి అరటిపండు ఒలిచినట్టుంది. పెద్దమ్మ చెట్టు మొదలు బాటని సగం మింగింది. ఆ బాట ఊరి పెద్ద పొలానికి వెళ్తుంది. ట్రాక్టరు దిగడం లేదని ఆయన ఎన్నాళ్ళనుంచో సణుగుతున్నాడు. పూజారి కౌలుకి చేసేది ఆయన భూమే. నాకింకేం కావాలి?

పూజారిని టీకొట్టు దగ్గర పట్టుకున్నాను. అమ్మవారు ఎలా ఉంది, ఏ చీర కట్టింది అని అడిగాను. అతను గ్లాసు కింద పెట్టి, ముఖం కనబడలేదమ్మా, మాట ఒక్కటే వినబడింది అన్నాడు. నీళ్ళు నములుతున్నాడని అక్కడికక్కడే తీర్పు చెప్పేసుకున్నాను.

స్నేహితురాలు మాత్రం పెద్దమ్మ పక్కన అరుగుమీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, అమ్మవారు ఎక్కడో లేదమ్మా, నీలోనే ఉంది అని చెప్పింది. పెద్దమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"నాలోనే ఉంటే, మరి అతగాడి కలలోకెందుకెల్లినాది?"

స్నేహితురాలు పట్టుకున్న చెయ్యి వదిలేసింది. నాకు మాత్రం మహా సంతోషమైంది.

ఆ సాయంత్రం రామమందిరం దగ్గర ఊరు కూడింది. చెట్టు ఎప్పుడు కొట్టాలో అనుకుంటూండగా పెద్దమ్మ లేచి నిలబడింది. అమ్మోరు తన కలలోకీ వచ్చిందనీ, ముండమోసినదాని కూటిచెట్టు నాకొద్దందనీ చెప్పింది. జనం ముక్కున వేలేసుకున్నారు. పూజారి వంశానికి తప్ప అమ్మవారు ఇంకెవరికీ చెప్పదని ఊరి పెద్ద కసిరాడు.

పెద్దమ్మ కూర్చోలేదు. "అమ్మోరికి మీరే సీర కడతారు, గాజులెడతారు. ఆడది ఆడదానితో మాటాడదేటి?"

మందిరం అరుగు కింద కూర్చున్న ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ముసలామె, అదీ నిజమే కదా అంది. తర్వాత ఇంకొకామె అంది. పూజారి తల దించుకున్నాడు. ఉపవాసముండి మళ్ళీ అడుగుతాను, అన్నాడు. కొన్నాళ్ళకి కాలవగట్టు మీది చెట్టు పేరు చెప్పాడు. పెద్దమ్మ చెట్టు బతికింది.

మేడమీద ఆదివారం పండగ చేసుకున్నాం. నోరులేని ఆడదాని మనసు లోతుల్లోంచి అమ్మవారు మాట్లాడిందని స్నేహితురాలు వ్యాసం మొదలెట్టింది. నేను మనసులో నవ్వుకున్నాను. పూజారి తన ఆసామి అయిన ఊరి పెద్ద కోసం కల్పించాడు, పెద్దమ్మ తన కోసం కల్పించింది, ఆవిడ అబద్ధం గెలిచింది. మగవాళ్ళ కథకి ఆడదాని కథ ఎదురునిలిస్తే ఇలాగే ఉంటుందని, మా పెద్దమ్మని చూసి గర్వపడ్డాను కూడా.

ఊళ్ళో సిరిమాను పండగైపోయాక పెద్దమ్మని చూడ్డానికి వెళ్ళాను. చెట్టు నిండా పచ్చికాయ. పెద్దమ్మ మాత్రం సగమైపోయింది, కళ్ళు గుంటలు పడ్డాయి. నిద్ర పట్టడం లేదంది. అంతమందిలో అబద్ధమాడితే పడుతుందా అని వేళాకోళమాడాను.

"కల అబద్దం కాదే," అంది. "నిజంగానే వొచ్చినాది. అతగాడు ఊల్లో సెప్పకముందే. ముకం అవుపడలేదు, మాటే. నీ సెట్టు నాకియ్యి అన్నాది."

"మరి నువ్వేమన్నావు?"

"ఇవ్వనన్నాను."

ముఖం కనబడలేదన్న మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. టీకొట్టు దగ్గర పూజారి ఏమన్నాడో నేను ఎవరికీ చెప్పలేదు, పెద్దమ్మకి అసలే చెప్పలేదు. కారణాలు వెతుక్కున్నాను. ఆ ఊళ్ళో అమ్మవారి కల ఎలా ఉండాలో చిన్నప్పట్నుంచీ అందరూ వినే ఉంటారు. ఆసామి సణుగుడు లోపలికి దిగి, భయం అమ్మవారి గొంతు తెచ్చుకునుంటుంది. క్లాసులో అయితే గంటసేపు చెప్పగలను. కానీ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అడిగింది ఆవిడ లోపలున్న అమ్మవారే అయితే, ఇవ్వనన్నది ఎవరు? మేడమీద మేం చదివినవాటిలో అమ్మవారిని గుర్తుపట్టమన్నారు, పిలవమన్నారు. ఆవిడకి కాదని చెప్పొచ్చిన ఆడది తర్వాత ఎలా నిద్రపోవాలో ఎవరూ రాయలేదు.

"మల్లీ అడుగుతాదేమోనని కన్ను మూయలేకపోతన్నాను," అంది పెద్దమ్మ. "నువ్వు సదూకున్నావు గదా. కలలోకి రాకుండా సేసేదేటైనా ఉంటాదా?"

నాకు దుఃఖమొచ్చింది. ఏమీ తెలియదని చెప్పాను. ఇప్పుడు పట్టపగలే కదా, కాసేపు పడుకో, నేను పక్కనే కూర్చుంటాను, మూలిగితే లేపుతాను అన్నాను. ఆవిడ చాపమీద గోడవైపు తిరిగి పడుకుంది. నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుంది.

పెరటి తలుపు బార్లా తెరిచుంది. అందులోంచి చెట్టు కనిపిస్తోంది. చాలాసేపు దానివైపే చూశాను. తర్వాత కొంగు మెల్లగా విడిపించుకుని, వెళ్ళి తలుపు వేసి వచ్చాను.

"గడియెట్టినావా?" అంది పెద్దమ్మ, కళ్ళు మూసుకునే.

"పెట్టాను," అన్నాను.