కిక్కురుమనని ట్యూబులైటు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ పెద్దమనిషికి పాత ట్యూబులైట్లు బిగించే రేకు పట్టీలంటే పిచ్చి. మూతపడిన ఆఫీసుల్లోంచి, కూలగొడుతున్న ఆసుపత్రుల్లోంచి ఏరి తెచ్చి, వెనకగది గోడల నిండా బిగించుకున్నాడు. ఏది తెచ్చినా ముందు మూత విప్పి, రంగు గోకి, తీగల తొడుగు వాసన చూసి, లోపలి చోకు అసలుదో మార్చిందో తేల్చేవాడు. మార్చిందైతే అమ్మినవాడి గడప మళ్లీ తొక్కేవాడు కాదు.

"పెళ్లిచూపుల్లో నన్నైనా ఇంత పరీక్షగా చూళ్లేదు" అని భార్య దెప్పేది.

వాటన్నిటిలోకి ఆయన ప్రాణం, పాత రైల్వేస్టేషను టికెట్ల గదిలోంచి వచ్చిన జంట ట్యూబుల పట్టీ. వెలిగిస్తే లోపలి చోకు తుమ్మెదలా రొద పెట్టేది. ఆ రొద వినిపించడానికే చుట్టాలను గదిలోకి లాక్కెళ్లేవాడు.

ఒక సాయంత్రం స్విచ్చి వేస్తే అది వెలిగింది గానీ కిక్కురుమనలేదు.

ఆయన గబగబా స్టూలెక్కి మూత విప్పాడు. ఇటుకంత పాత చోకు మాయం. దాని చోటులో కొత్తది ఒకటి, పెళ్లికొడుకులా మెరుస్తూ కూర్చుంది.

స్క్రూ తలలు ఒక్కటీ చెక్కుకుపోలేదు. అంటే చెయ్యి తిరిగినవాడి పని. మొన్న ఆదివారం బావమరిది వచ్చాడు. వాడిది ఎలక్ట్రికల్ షాపు. చేతులు కడుక్కొస్తానని వెనకగదివైపు వెళ్లాడు. కుళాయి ఉన్నది పెరట్లో కదా! పైగా ఎప్పుడూ లేనిది, "నీ పట్టీలు భలే ఉన్నాయి బావా" అని మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు షాపుకెళ్లి, పలకరింపు కూడా లేకుండా కౌంటరు కింద అట్టపెట్టెలు ఎత్తి బరువు చూడసాగాడు.

"ఏం పోయింది బావా?" అన్నాడు బావమరిది, వైరు కొలుస్తూ.

"పోలేదు. ఎవరో పట్టుకుపోయారు."

"పోతే నా షాపులో వెతుకుతావేంటి?"

"ఆదివారం నా గదిలో చేతులు కడుక్కున్నావుగా! నీళ్లెక్కడివి నాయనా?"

వైరు కొనేవాడు బేరం మరచిపోయి నోరు తెరుచుకు చూస్తున్నాడు. బావమరిది తల గోక్కుని, బల్ల కిందనుంచి గుడ్డమూట ఒకటి తీసి ముందు పెట్టాడు. విప్పితే పాత చోకు!

"దొరికావా దొంగా!"

"ముందు తిరగేసి చూడు."

తిరగేశాడు. అడుగు పగిలి, తారు కారి గడ్డకట్టింది. అంచులు బొగ్గయ్యాయి.

"మాడు వాసన వస్తోందని అక్క ఫోన్ చేసింది. ఇంకొన్నాళ్లు వెలిగిస్తే గది అంటుకునేది. నీకు చెబితే ముట్టుకోనిస్తావా? లోపలి తీగ కొత్తగా చుట్టించి, ఈ పాత డబ్బాలోనే పెట్టి, గుట్టుగా బిగిద్దామనుకున్నాం."

తీగ తీగనూ వాసన చూసే ఆ ముక్కుకి ఇంట్లో మాడు వాసనే తగల్లేదు! ఆయనకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ బావమరిది బంగారమండీ" అన్నాడు వైరు కొనేవాడు.

"నాకు తెలీదేంటి!" అని వాడిమీద కస్సుమన్నాడు. "బాగా చుట్టించరా" అని బావమరిదితో గొణిగి ఇంటిదారి పట్టాడు.

"నువ్వూ వాడితో కలిశావన్నమాట" అన్నాడు భార్యతో.

"కలవక, ఇల్లు తగలబడుతుంటే చూస్తూ కూర్చోనా?"

"మరి మిగతా పట్టీలు?"

"మిగతావా? వాటికేమైంది?" అంది ఆవిడ, ఎందుకో తల ఎత్తకుండానే.

ఆయన వెనకగదికి వెళ్లి స్టూలెక్కాడు. ఆసుపత్రి పట్టీ మొదటి స్క్రూకి స్క్రూడ్రైవరు ఆనించి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. విప్పితే లోపల ఏముంటుందో! కొత్తది కనిపిస్తే ఇక ఈ ఇంట్లో ఎవరిని నమ్మాలి?

తిప్పకుండానే కిందికి దిగాడు.

"ఈసారి వాసనొస్తే ముందు నాకు చెప్పు!" అని వంటింటివైపు కేకేశాడు.

"వింటానంటే చెబుతాను!" అంది ఆవిడ.