తువ్వాలు కింద బేరం

మా స్కూల్ స్టాఫ్ రూములో ఉన్న పాత డిక్షనరీ తెరిస్తే చెమ్మ పట్టిన వాసన వస్తుంది. మొన్న తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పాఠంలో 'హాగిల్' అన్న మాట వస్తే దాని పుట్టుక చూద్దామని తెరిచాను. బేరమాడడం అన్న అర్థం తర్వాత వచ్చిందట. మొదట్లో దానికి అడ్డదిడ్డంగా నరకడం అని అర్థమట. మనమూ బేరం తెగింది అనే అంటాం కదా అని చెబితే పిల్లలు నవ్వారు. నాకు మాత్రం గూడెం సంత గుర్తొచ్చి ఆ పూట ఇక పాఠం సాగలేదు.

మా తాతయ్య ఆ పశువుల సంతలో మధ్యవర్తి. దెందులూరు నుంచి తెల్లవారకముందే బయల్దేరేవారు, సెలవైతే నన్నూ వెంటబెట్టుకుని వెళ్లేవారు. తడిసిన గడ్డి, పేడ, చుట్టపొగ, కొమ్ములకు రాసిన నూనె, ఓ పక్కన మూకుట్లో వేగుతున్న పునుగులు, అన్నీ కలిసిన ఆ వాసనలో నేను ముక్కు మూసుకుంటూనే పునుగులు తినేదాన్ని. అక్కడ ధర ఎవరూ నోటితో చెప్పరు. మధ్యవర్తి తన తువ్వాలు చేతి మీద కప్పుకుని, దాని కింద ఒకసారి అమ్మేవాళ్ల వేళ్లు, ఒకసారి కొనేవాళ్ల వేళ్లు పట్టుకుంటాడు. ఏ వేలు పడితే ఎంతో వాళ్లకే తెలుసు. పైకి మాత్రం వానల గురించీ ఊడ్పుల గురించీ కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. తాతయ్య చెయ్యి పడితే కొనేవాడు పైకి ఎక్కాల్సిందేనని సంతంతా అనేవారు, అది విని నేను తెగ మురిసిపోయేదాన్ని.

కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, చెరువు కాపలా కాసే నాన్నకి పని పోయింది. ఆ వెనకే ఊపిరితిత్తుల జబ్బు చేసి ఏలూరు ఆసుపత్రిలో చేరాడు. ఇంట్లో అమ్ముకోదగింది మా గేదె చుక్క ఒక్కటే. తల్లి చచ్చిపోతే దాన్ని సీసాతో పాలు పట్టి పెంచింది నాన్నే. అప్పటికి పాలు వట్టిపోయి చాలా కాలమైంది. అలాంటి గేదెను రైతులు తక్కువకి అడుగుతారు, కబేళా లారీ వాళ్లు ఎక్కువిస్తారు. "మీ ఇష్టం మావయ్యగారండీ, ఆయన మందులు మాత్రం ఆగకూడదండీ," అంది అమ్మ.

తన పశువుకి తానే మధ్యవర్తి కాకూడదు. అందుకని తాతయ్య స్నేహితుడు కరీంగారు తువ్వాలు కప్పారు. పెంటపాడు రైతు ఒకాయన చుక్క వీపు నిమిరి, "మళ్లీ చూడి కడుతుందండీ ఇది," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తువ్వాలు కింద కరీంగారి చెయ్యి రైతు దగ్గరికీ తాతయ్య దగ్గరికీ తిరిగింది. చాలాసేపటికి కరీంగారే గొంతు తగ్గించి, "ఏవండీ, అమ్మేవారు మీరే దిగిపోతున్నారేంటండీ, ఇంకా దిగితే అబ్బాయి మందులకి చాలవండీ," అన్నారు. తాతయ్య చెయ్యి ఆగిపోయింది. రైతు తలొంచుకుని, "నా వల్ల ఇంతేనండీ," అని వెళ్లిపోయాడు.

తర్వాత లారీ ఆసామి వచ్చాడు. మొదట పట్టిన వేళ్లకే తాతయ్య "తెగింది" అనేశారు. ఇంకాస్త ఆగితే అతను పైకి ఎక్కేవాడని ఆయనకి తెలియనిది కాదు, కానీ ఆ తువ్వాలు కింద చెయ్యి ఇంకో క్షణం ఉంచలేకపోయారు. చుక్క లారీ ఎక్కనని మొరాయించింది. ఎవరు తోసినా కదల్లేదు. చివరికి తాతయ్య ముందుకెళ్లి పేరు పెట్టి పిలిస్తే, ఎక్కింది.

ఆయన మళ్లీ సంతకి వెళ్లలేదు. ఆసుపత్రిలో నాన్నతో, "పెంటపాడు రైతుకిచ్చాంరా," అన్నారు.

ఇప్పుడు ఆ సంత జాగాలో ప్లాట్ల రాళ్లు పాతారు. గేదె ఫొటో, ధర ఫోనులోనే పెట్టేస్తున్నారు. తాతయ్యా లేరు, కరీంగారూ లేరు. నాన్న బతికాడు. మొన్న ఆదివారం బస్సులో పెంటపాడు మీదుగా వస్తుంటే కాలవలో మునిగి ఉన్న గేదెల్ని చూపించి, "మన చుక్క సంతతి ఇంకా ఇక్కడే ఎక్కడో ఉండుంటుందమ్మా," అన్నాడు.

"ఉంటుంది నాన్నా," అన్నాను.