అద్దం ఉంచాలా, తీసెయ్యాలా

మా భీమశంకరం గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, సలహా అడగడం. అదీ ఒకే ఒక్క విషయం మీద. “ఈ పాత కెమెరా ఉంచమంటారా, మిర్రర్‌లెస్‌కి మారమంటారా?” ఇస్నాపూర్ చౌరస్తాలో ఆయనది ఫోటో స్టూడియో, పక్కనే నాది జిరాక్స్ దుకాణం. ఆరేళ్ళుగా, పొద్దున నా షట్టర్ సగం లేచేలోపే ఆ ప్రశ్న కిందనుంచి దూరి లోపలికి వచ్చేది.

నన్నొక్కణ్ణే అడిగితే నా ఖర్మ అనుకుందును. పాలవాణ్ణి అడిగారు, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన్నీ అడిగారు. ఒకసారి ట్రాఫిక్ పోలీసు స్కూటర్ ఆపితే అతన్నీ అడిగారు. అతను ఆలోచనలో పడి ఎందుకు ఆపాడో మరిచిపోయాడు.

ఇంగ్లీషు రానివాళ్ళకు “అద్దం లేని కెమెరా” అని చెప్పేవారు. పాత కెమెరా లోపల చిన్న అద్దం ఉంటుంది, కొత్తదాన్లో ఉండదు, అంతే. కానీ పక్కూరు చిట్కుల్ దాకా పాకిన కబురు వేరు. స్టూడియోలో తల దువ్వుకునే అద్దం తీసేస్తున్నారట! ఆ ఆదివారం ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన ఇరవై మంది దువ్వెనలు పట్టుకుని వచ్చి అడ్డం నిలబడ్డారు. వాళ్ళకు నచ్చజెప్పి నా గొంతు పోయింది. ఈయన మాత్రం వాళ్ళను వరసగా కూర్చోబెట్టి, అదే ప్రశ్న వేసుకుంటూ పోయారు.

పోయిన నెల పెంటయ్య వచ్చాడు, భార్య నర్సింహమ్మతో. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ షాపులో చేసి వారంలో రిటైరవుతున్నాడు. కంపెనీవాళ్ళు క్యాంటీన్ గోడకు ఫోటో పెడతామన్నారట. నర్సింహమ్మ సంచిలోంచి అతని పాత ఫోటోలన్నీ తీసి పరిచింది. అన్నిట్లోనూ దొరికిపోయిన దొంగ మొహమే.

“కార్డు మీద ఫోటో చూసి గేటు కాడ గీయన గాదని ఆపుతరు సార్. గోడ మీదనన్న మా ఆయన మా ఆయన లెక్క కనవడాలె,” అంది.

పెంటయ్య స్టూలు మీద కర్రలా బిగుసుకున్నాడు. భీమశంకరం గారు పాత కెమెరా మీదికి వంగారు. ఇంకేముంది!

“పెంటయ్య గారూ, అద్దం ఉంచమంటారా, తీసెయ్యమంటారా?”

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు మండింది. పెంటయ్య వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

“నన్నా సార్?”

“మిమ్మల్నే.”

పెంటయ్య బిగిసిన భుజాలు దించి, గడ్డం ఎత్తాడు. “అద్దం లేకుంటే ఎనకొచ్చే లారీ ఎట్ల కనవడ్తది సార్?”

ఇక ఆగలేదు. ముత్తంగి దగ్గర తన బండి అద్దం విరిగిపోతే, వెనక కూర్చున్న నర్సింహమ్మ పౌడరు డబ్బా అద్దంలో చూస్తూ ఇంటిదాకా లారీల లెక్క చెప్పిన వైనం చేతులూపుతూ వినిపించాడు. అన్ని లారీల్లేవని ఆమె, ఉన్నాయని ఇతను. పది నిమిషాల్లో ఆ పాత కెమెరా ఒక్కసారి కూడా టక్‌మనలేదు. భీమశంకరం గారు తీరిగ్గా “అయిపోయిందండీ, రేపు రండి” అన్నారు. కొంప మునిగిందనుకున్నాను.

మర్నాడు లామినేషన్‌కి ఫోటో నా దగ్గరికే వచ్చింది. గడ్డం ఎత్తి, కళ్ళతో నవ్వుతూ, ఊరికి తీర్పు చెబుతున్న పెంటయ్య. నర్సింహమ్మ దాన్ని కొంగుతో రెండుసార్లు తుడిచి, “గీయననే,” అంది.

నేను తిన్నగా స్టూడియోలోకి వెళ్ళి పాత కెమెరా మూత తీసి చూశాను. లోపల బ్యాటరీ కూడా లేదు. వెనక అలమరలో ప్లాస్టిక్ పూల మధ్య నుంచి అద్దం లేని బుల్లి కెమెరా ఒకటి స్టూలునే చూస్తోంది. దాని రిమోట్ ఈయన గుప్పిట్లో ఉంది.

“ఎప్పుడు కొన్నారు?”

“నాలుగేళ్ళయిందండీ. చప్పుడే చెయ్యదు, బంగారం.”

“మరి ఇంకా ఊరందర్నీ ఎందుకు చంపుతున్నారు?”

“డ్యూటీలో వీళ్ళకి అది చెయ్, ఇది చెయ్ అని చెప్పేవాళ్ళేనండీ. ఏమంటారని అడిగేవాడెవడు? అడిగితే ఆ మొహం ఎంత బావుంటుందో!”

ఈయన్నా నేను ఆరేళ్ళు తిట్టుకున్నది! సిగ్గేసింది. ఆయన మాత్రం గుప్పిట జేబులో పెట్టుకుని దగ్గరికి జరిగారు.

“అది సరేగానీ, దీనికి కొత్త లెన్సు కొనమంటారా, వద్దంటారా?”

నేను గోడ అద్దంలో తల దువ్వుకుని, స్టూలు లాక్కుని కూర్చుని నా సలహా మొదలుపెట్టాను.