నాలుగు పొట్టేళ్ళ బరువుకు బిగించిన కమాన్లు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటిలో పెద్దది, ఉరకాల్సిన కారుకు నాలుగు పొట్టేళ్ళ బరువు లెక్కగట్టి కమాన్లు బిగించడం. చేసేటప్పుడు అది మహా తెలివైన పనిలాగే కనిపించింది. నా తెలివితక్కువతనాలన్నీ మొదట అట్లా వేషం వేసుకునే వస్తాయి.

అప్పుడు జడ్చర్లలో ఒక రేకుల షెడ్డులో మెకానిక్‌ని. పెళ్ళయి రెండేళ్ళు. నలుగురూ కారు ఎక్కేవారు, నేను కారు కిందికి పోయేవాణ్ణి. కారుచీకటి అంటే ఏమిటో నన్నడగాలి. వెల్లకిలా పడుకుంటే ముక్కు మీద గ్రీజు చుక్కలు రాలేవి. ఆ వాసన ఇప్పుడు తలుచుకుంటే మల్లెపూలకంటే ముద్దొస్తుంది గానీ, అప్పుడు నాకు ఒకటే కోరిక. ఎట్లాగైనా పైకెక్కి స్టీరింగు ముందు కూర్చోవాలి. డ్రైవర్ సాబ్ అనిపించుకోవాలి.

మా షెడ్డుకు ఒక చిన్నదొర కారు వస్తుండేది. ఆయనది నల్లగొండ దిక్కు. అక్కడ దొరల మీద తిరగబడ్డ సంఘం బలపడి, కోటలాంటి గడీ విడిచిపెట్టాల్సి వచ్చాక జడ్చర్లలో అత్తగారింట్లో దిగాడు. కప్పులేని విలాయతి కారు, పరుగుకే పుట్టింది. కానీ ఆ రోజుల్లో దాన్ని పరుగెత్తనిచ్చిందెవరు? దొర ఎటు కదిలినా వెనక సీట్లో తుపాకులు పట్టుకుని నలుగురు మనుషులు, ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు. ఆ బరువుకు వెనకభాగం కుంగి చక్రాలకు రాసుకుంటుంటే, మా ఉస్తాదు వెనక కమాన్లకు, అంటే ఇరుసు మీద కారును మోసే ఉక్కు పట్టీల కట్టలకు, చెరి రెండు పట్టీలు ఎక్కువ వేశాడు. ఇరుసుకూ పైనున్న చట్రానికీ మధ్య సరిగ్గా నాలుగు వేళ్ళ సందు నిలిచింది. ఆ నాలుగు వేళ్ళూ నా బుర్రలో అచ్చుపడిపోయాయి.

తరవాత నిజాం మీద పోలీసు చర్య జరిగింది. సైన్యం లారీలు మా షెడ్డు ముందునుంచే దుమ్ము లేపుకుంటూ పోయాయి. తుపాకులు ఠాణాలో అప్పజెప్పమని హుకుం వచ్చింది. ఆ నలుగురూ తుపాకులు అప్పజెప్పి, ఎవరి ఊరికి వాళ్ళు పోయారు.

దారులు తెరుచుకోగానే చిన్నదొరకు ప్రాణం లేచొచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఉండే ఆయన బావకూ ఒక కారుంది. జడ్చర్ల నుంచి అక్కడికి ఎవరి కారు ముందు చేరుతుందోనని ఇద్దరికీ పంతం పడింది.

"ఏంర, కారు తయారు జేస్తవా?" అన్నాడు చిన్నదొర.

"చేస్త దొరా."

"నువ్వే నడుపు. గెలిస్తివా, ఇగ దానికి నువ్వే డ్రైవర్‌వి. ఓడితివా, మళ్ల కిందికే పో."

ఉస్తాదు ఆ వారం కంటికి ఆపరేషనై దవాఖానలో పడుకున్నాడు. పలకరించడానికి పోతే, కట్టు కింది నుంచే పని చెప్పాడు. "ఎక్కువేసిన పట్టీలు తీసెయ్ బేటా. ఎన్క బంపర్ మీద చెయ్యి పెట్టి నొక్కి ఇడువు. ఒక్కపారి లేవాలె, మల్లోపారి కూసోవాలె. ఇంకా ఎగిరిందంటే చక్రం భూమిని ఇడిసిపెడ్తది. సమజైందా?"

సమజైందన్నాను. షెడ్డుకొచ్చి చూస్తే ఖాళీ కారు వెనకవైపు జానెడు లేచి నిలబడి ఉంది. నాలుగు వేళ్ళ సందేది? ఆ కారు వెనకసీటు ఖాళీగా ఉండగా పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. మనుషులు లేనిదే సందు ఎట్లా కొలవాలి? ఆలోచించి, ఊరి బయట మందవేసిన ఒక గొర్రెల కాపరిని బతిమాలి నాలుగు బలిసిన పొట్టేళ్ళను తెచ్చి వెనకసీట్లో కట్టేశాను. వేళ్ళు పెట్టి చూశాను. నాలుగే నాలుగు! పట్టీలు తీయడం ఎందుకు? మూలమలుపుల్లో కారు ఒరగొద్దని పైగా చెరొక పట్టీ ఎక్కించాను.

కాపరి గడ్డం గోక్కుంటూ చూస్తున్నాడు. "మేస్త్రీ, పందెంల నా పొట్టేండ్లు గూడ కూసుంటయా?"

"లేదు కాకా, తూకానికే."

"మరి అవి దిగినంక?"

"మోటర్ సంగతి నీకేం ఎరుక కాకా," అని నవ్వాను. కార్ల విషయంలో నేను విన్న అత్యంత తెలివైన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు అది.

పందెం పొద్దున మొదటి మైలు నాదే. చెట్లు వెనక్కి పరుగెత్తుతున్నాయి, పక్కన చిన్నదొర "శాబాష్!" అంటున్నాడు, డ్రైవర్ సాబ్ అన్న పిలుపు చెవిలో మోగుతోంది. అంతలో వాగు కాడి పల్లం వచ్చింది. కారు దిగింది, ఎక్కింది, ఇక కింద పడనంది. చిన్నదొర టోపీ ఎగిరింది, ఆయన ఎగిరాడు, నేనెగిరాను. వెనకచక్రాలు గాల్లో గిరగిరా తిరుగుతున్నాయే గానీ భూమిని పట్టవు. మలుపులో కారు పక్కకు జారి జొన్నచేలో దూరింది. పక్కనుంచి బావగారి కారు మెత్తగా ఊగుతూ సాగిపోయింది. దాని డ్రైవర్, భారీ మనిషి, తల తిప్పి అరిచాడు. "ఏం తమ్మి, కారు నడుపుతున్నవా, కుందేలునా?"

చిన్నదొర నడుం పట్టుకుని లేచాడు. "దిగుర," అన్నాడు. అంతే. దిగాను. పది రోజులకు బావను అడిగి ఆ డ్రైవర్‌నే తన కారుకు తెచ్చుకున్నాడు. నేను కిందికి పోయాను.

కంటికట్టు విప్పుకుని వచ్చిన ఉస్తాదు పానా తీసి నా చేతికిచ్చాడు. ఇద్దరం కలిసి ఒక్కొక్క పట్టీ తీశాం. తీసినప్పుడల్లా ఆయన నా చేతిని బంపర్ మీద పెట్టి, పైన తన అరచెయ్యి వేసి నొక్కేవాడు. రెండు పక్కలా మూడో పట్టీ తీశాక కారు ఒక్కసారి లేచి, నిమ్మళంగా కూర్చుంది. "అదీ," అన్నాడు. ఆ అరచేతి బరువు నా చేతి మీద ఇంకా ఉంది. ఈనాటికీ ఎవరి కారు కనబడినా బంపర్ నొక్కి చూస్తాను. కారుగలవాళ్ళు దొంగను చూసినట్టు చూస్తారు.

కొత్త డ్రైవర్ మాత్రం రోజూ షెడ్డుకొచ్చి చాయ్ తాగుతూ గొప్పలు చెప్పేవాడు. "కమాన్లల్ల ఏముందిర? నడిపేటోని పిర్రలల్ల ఉంటది పట్టు. నాకు కమాన్లు గిమాన్లు అక్కెరలేదు. కట్టెబల్ల మీద కూసోబెట్టు, అయినా గెలుస్త."

వినీ వినీ ఒకనాడు నాకు ఆలోచన వచ్చింది. డ్రైవర్ సీటు నాకు దక్కలేదు నిజమే. దాని లోపల ఏముండాలో మాత్రం నా చేతిలోనే ఉంది. చిన్నదొర హైదరాబాద్ ప్రయాణానికి ముందు, ఆ సీటు తోలు విప్పి, లోపలి స్ప్రింగులన్నీ తీసేసి, చెక్కమీద మడతపెట్టిన గోనెసంచి ఒకటి పరిచి, మళ్ళీ చక్కగా కుట్టేశాను.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చారు. చిన్నదొర నవ్వుతూ దిగాడు. "పూలపల్లకి లెక్క పోయిందిర! దారిపొడుగూత నిద్రవోయిన." డ్రైవర్ ఒక కాలు, కాసేపాగి ఇంకో కాలు కింద పెట్టాడు. పిర్రల గురించి అంత చెప్పినవాడు ఇప్పుడు వాటిమీద ఏమని ఫిర్యాదు చేస్తాడు?

నేను స్టూలు తుడిచి వేశాను. "కూసో అన్నా, చాయ్ తెప్పిస్త."

"వద్దు తమ్మి. నిలవడే తాగుత."

ఇంకో చాయ్ కూడా తెప్పించాను.